బొమ్మ మీద చెయ్యి అడ్డం పెట్టి చదివించు

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది ఒడిశాలో గుణుపురం. డిగ్రీ అయ్యాక ఉద్యోగం కోసం చూస్తూ, సాయంత్రాలు మా వరండాలో ఎనిమిది మంది పిల్లలకు ట్యూషన్ చెప్తున్నాను. ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు. అందరి ఇళ్ళలోనూ తెలుగే, బడిలో మాత్రం ఐదుగురు ఒడియా మీడియం, ముగ్గురు ఇంగ్లీష్ మీడియం. ఏ పాఠం తీసినా చివర్లో రెండు ప్రశ్నలు తప్పవు. ‘రచయిత దీన్ని ఎందుకు రాశాడు?’ ‘ఇచ్చిన బొమ్మ లేదా మ్యాప్ లేదా గ్రాఫ్ పాఠానికి ఎలా ఉపయోగపడుతోంది?’ మొదటిదానికి ఎనిమిది మందీ ‘మనకు సమాచారం ఇవ్వడానికి’ అనీ, రెండోదానికి ‘పాఠం బాగా అర్థం కావడానికి’ అనీ రాస్తారు. సగం మార్కులు కూడా రావట్లేదు. నిజం చెప్పాలంటే నాకూ అంతకన్నా ఏం రాయాలో తెలీదు. మొన్న ఒకడు ‘రాసినాయన్నే అడగాలి సార్, మనకెలా తెలుస్తుంది’ అన్నాడు, నా దగ్గర జవాబు లేదు. ఇంకో టెన్షన్, ఈ రెండు మీడియంల వాళ్ళనీ కలిపి ఎలా చెప్పాలి? వాళ్ళు ఎలా కూర్చుంటారో కింద గీశాను, బొమ్మ బాగాలేకపోతే ఏమీ అనుకోకండి.

జవాబు:

తమ్ముడూ, ముందు ఆ పిల్లాడికి నా తరఫున ఒక చాక్లెట్ కొనిపెట్టు. మిగతా ఏడుగురూ ప్రశ్న చూడగానే జవాబు రాసేశారు, వాడొక్కడే ప్రశ్న దగ్గర ఆగాడు. వాడన్నది నిజమే కూడా. రాసినాయన బుర్రలో ఏముందో మనకు తెలీదు, ఆయన పోయి వందేళ్ళయి ఉంటే అడగడానికీ లేదు. కానీ మా అమ్మ, ఎవరైనా గుమ్మంలోకి వచ్చి రెండు మాటలు మాట్లాడేసరికి, వీళ్ళు అప్పుకొచ్చారో, పెళ్ళికి పిలవడానికొచ్చారో, ఊరికే కబుర్లకొచ్చారో చెప్పేసేది. వాళ్ళ మనసులోకి దూరి చూసిందా? లేదు. మాట ఎలా ఎత్తుకున్నారు, దేని దగ్గర నసిగారు, ఏది రెండుసార్లు అన్నారు, చేతిలో సంచి ఉందా లేదా, ఇవి చూసేది. పాఠంలోనూ అంతే. బుర్ర కనపడదు, మాట తీరు కనపడుతుంది. వాడికి ఈ ముక్క చెప్పు, ఒప్పుకుంటాడు.

‘సమాచారం ఇవ్వడానికి’ అన్నది తప్పు కాదు, అదే దాంతో వచ్చిన చిక్కు. ఎందుకు తింటున్నావురా అంటే బతకడానికి అన్నట్టు, దేనికైనా సరిపోయే జవాబు అది, అందుకే మార్కులు రావు. ప్రశ్నని కొంచెం తిప్పి అడుగు: ‘ఇది చదివి పక్కన పెట్టాక మనం ఏం చేయాలని ఈయన కోరిక?’ ఒక సంగతి తెలుసుకుంటే చాలా? ఆయన మాటకు తలూపాలా? లేచి ఒక పని చేయాలా, డబ్బు తీయాలా? నవ్వుకోవాలా, కాసేపు బాధపడాలా? ఇలా అడిగితే పిల్లలకు పట్టుకోడానికి ఏదో ఒకటి దొరుకుతుంది.

దీనికి పాఠం కూడా అక్కర్లేదు. మీ వైపు పత్తి వేస్తారుగా, ఏ ఇంట్లోనైనా పురుగుమందు డబ్బా ఉంటుంది. డబ్బా పిల్లల చేతికివ్వకు సుమా, ఫోన్‌లో నాలుగు వైపులా ఫొటో తీసి చూపించు. ముందు వైపు ఏముంటుంది? విరగబూసిన పత్తి, పెద్ద అక్షరాల్లో మందు పేరు. అది అమ్మడానికి. పక్కన మొన మీద నిలబెట్టిన చదరం ఒకటి ఉంటుంది, దాని కింది సగంలో ఒక రంగు. ఎరుపైతే అన్నిటికన్నా ప్రమాదకరమైన విషం, దాని మీద పుర్రె బొమ్మ కూడా ఉంటుంది, తర్వాత పసుపు, తర్వాత నీలం, అన్నిటికన్నా తక్కువ విషం ఆకుపచ్చ. అది హెచ్చరించడానికి. లోపల మడతపెట్టి పెట్టిన కాగితంలో ఎన్ని లీటర్ల నీళ్ళకు ఎంత మందు కలపాలో ఉంటుంది, అది ఎలా చేయాలో చెప్పడానికి. ఒకే డబ్బా మీద మూడు ఉద్దేశాలు, మూడు రకాల రాత, మూడు రకాల బొమ్మ. రంగు ఎందుకు పెట్టారు అని అడిగితే చదువు రాని తాత కోసం అని పిల్లలే చెప్తారు చూడు. మన దగ్గర ఒకాయన తెలుగు చదువుతాడు, ఒకాయన ఒడియా, కొండ మీంచి దిగే సవర ఆవిడ ఏదీ చదవకపోవచ్చు, ఎరుపు మాత్రం ముగ్గురికీ ఎరుపే. అలాగని రంగు కూడా దానంతటది అర్థమైపోదు. ఆకుపచ్చ చూసి ఇది ఏమీ చేయదులే అనుకునేవాళ్ళని నేను చూశాను. తక్కువ విషమంటే విషం కాదని కాదు కదా. రంగుకి అర్థం ఒకసారి ఎవరో చెప్పాలి, అంటే బొమ్మకు కూడా పక్కన ఒక మాట కావాలి.

తర్వాత, పిల్లలు చదవడమే కాదు, వాళ్ళ చేత రాయించు కూడా. ఉద్దేశం అంటే ఏంటో రాసేటప్పుడు తెలిసినంత బాగా చదివేటప్పుడు తెలీదు. మీ ఊరి రైలే తీసుకో. నౌపడా నుంచి పర్లాకిమిడికి 1900లో రెండున్నర అడుగుల వెడల్పు పట్టాల మీద చిన్న రైలు మొదలైంది, తర్వాత గుణుపురం దాకా పొడిగించారు, 2011కల్లా పెద్ద లైను అయింది. ఇంతే, ఈ మూడు ముక్కలే అందరికీ ఇవ్వు. ఒక గుంపు దీన్ని స్టేషన్‌లో అతికించే బోర్డులా రాయాలి. ఇంకో గుంపు, పొద్దున ఇంకో రైలు వేయండని రైల్వే వాళ్ళకు అర్జీ రాయాలి. మూడో గుంపు, చిన్న రైలు ఎక్కిన తాతయ్య మనవడికి చెప్తున్నట్టు రాయాలి. రాశాక పక్కపక్కన పెట్టి చదివించు. బోర్డు వాళ్ళు ఏడాదులు వదలరు. అర్జీ వాళ్ళ దగ్గర ‘దయచేసి’, ‘ఎన్నాళ్ళుగానో’, ‘మా పిల్లలు కాలేజీకి’ వచ్చి పడతాయి. తాతయ్య రాతలో ఏడాది ఒక్కటి కూడా ఉండకపోవచ్చు, బొగ్గు పొగ, కిటికీ, వేయించిన శనగలు ఉంటాయి. అప్పుడు అడుగు, అర్జీలో కూడా 1900 అని ఉంది కదా, మరి అది సమాచారం కాదా అని. ఇక్కడ కొంచెంసేపు ఆగు, తొందరపడకు. అర్జీలో ఆ అంకె ‘నూరేళ్ళు దాటిన లైను, ఇప్పటికీ రైళ్ళు చాలడం లేదు’ అని నొక్కడానికి వచ్చింది. బోర్డులో అదే అంకె ఊరికే తెలియడానికి. అంకె అదే, దాని పని వేరు. ఏడాదులు, లెక్కలు కనపడగానే ‘సమాచారం’ అని రాసేసే అలవాటు అక్కడ పోతుంది.

ఒక మనిషి రాసినవన్నీ ఒకే ఉద్దేశంతో ఉంటాయనీ అనుకోకూడదు. గిడుగు రామమూర్తి పంతులుగారు మా పర్లాకిమిడిలోనే పంతులుగా పనిచేశారు, ఆయన పుట్టిన ఆగస్టు 29నే మనం తెలుగు భాషా దినోత్సవం అంటున్నాం. ఆయన సవర నేర్చుకుని సవర పిల్లల కోసం వాచకాలు రాశారు, ఉద్దేశం చదువు చెప్పడం. 1931లో సవర భాష వ్యాకరణం ఇంగ్లీషులో అచ్చయింది, ఉద్దేశం ఆ భాష తెలియనివాళ్ళకు దాని తీరు వివరించడం. 1919లో ‘తెలుగు’ అని పత్రిక పెట్టి, పుస్తకాల్లో కూడా మనం మాట్లాడుకునే తెలుగే ఉండాలని పండితులతో వాదించారు, ఉద్దేశం ఒప్పించడం. చెయ్యి ఒకటే. ఎదురుగా కూర్చున్నవాళ్ళు మారారు. కాబట్టి ‘ఎందుకు రాశాడు’తో పాటు ‘ఎవరికి రాశాడు’ కూడా అడిగించు, రెండోది తెలిస్తే మొదటిది సగం తెలిసినట్టే. (ఈ వాదన గెలవబట్టే నువ్వు నాకు ఇలా ఉత్తరం రాయగలిగావు, నేనిలా జవాబు రాస్తున్నాను, గ్రాంథికంలో అయితే ఇద్దరం చచ్చేవాళ్ళం.)

ఇక బొమ్మల సంగతి. పిల్లలు బొమ్మ చూడరు అనుకుంటావేమో కానీ, చూస్తారు తమ్ముడూ, చదవరు. పుస్తకం తీయగానే ముందు చూసేది బొమ్మనే, తర్వాత దాన్ని మర్చిపోయి పాఠంలోకి వెళ్తారు. ఒక పని చెయ్యి. బొమ్మ మీద చెయ్యి అడ్డం పెట్టి పాఠం చదివించు, ఎక్కడ ఇబ్బందిగా ఉందో అక్కడ పెన్సిల్‌తో చుక్క పెట్టమను. తర్వాత పాఠం మీద చెయ్యి అడ్డం పెట్టి బొమ్మ మాత్రం చూడమను, దాన్నిబట్టి ఏం తెలిసిందో, ఏం తెలియలేదో చెప్పమను. చెయ్యి తీశాక ఏ చుక్క దగ్గర ఇబ్బంది పోయిందో, అదే జవాబు. ‘పాఠం బాగా అర్థం కావడానికి’ బదులు, ‘నది ఏ వైపు నుంచి వచ్చి ఏ ఊళ్ళ పక్కగా పోతుందో మాటల్లో కలగాపులగం అయింది, మ్యాప్‌లో ఒక్కసారే కనపడింది’ అని రాస్తారు. ఒక్కోసారి చెయ్యి తీసినా ఏమీ మారదు. అంటే ఆ బొమ్మ అక్కడ అందానికి పెట్టారు. అది కూడా చెప్పొచ్చు, తప్పేం లేదు, కథ పక్కన చెట్టు బొమ్మ పెడితే దానికి ప్రతిసారీ మహా అర్థం వెతకక్కర్లేదు.

మ్యాప్ దగ్గర నా కథే ఒకటి చెప్తాను, నవ్వకు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను వచ్చింది గుర్తుందా, నువ్వప్పుడు బడిలో ఉండుంటావు. రెండ్రోజుల ముందు నుంచే వాతావరణ శాఖ మ్యాప్ అందరి ఫోన్లలో తిరుగుతోంది. సముద్రంలోంచి ఒక గీత, దాని రెండు పక్కలా ముందుకు పోయేకొద్దీ వెడల్పయ్యే గరాటు ఆకారం. గోపాల్‌పూర్, కళింగపట్నం మధ్య తీరం దాటుతుంది అని పక్కన రాసే ఉంది. నేనేం చేశాను? ఫోన్‌లో బొమ్మ పెద్దది చేసి, గీత మా ఊరి మీదుగా పోవట్లేదు, వేలెడు దూరంలో ఉంది అని నిమ్మళంగా పడుకున్నాను. పదకొండో తేదీ తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. పొద్దున్నకి వంటగది మీద పెంకులు లేవు, బియ్యం డబ్బాలో నీళ్ళు, ఫోన్‌లో చార్జింగ్ లేదు. అటు వంశధార పొంగింది, గజపతి జిల్లా కొండల్లో చరియలు విరిగిపడి ప్రాణాలు పోయాయి, దాని ముందు నా బియ్యం డబ్బా ఒక లెక్క కాదు.

తర్వాతెప్పుడో తెలిసింది, ఆ గీత తుఫాను కేంద్రం పోయే దారి అంచనా మాత్రమే. గరాటు తుఫాను సైజు కాదు. కేంద్రం ఆ గరాటులో ఎటైనా పోవచ్చని దాని అర్థం, ఎంత తర్వాతి రోజు అంచనా అయితే అంత పొరపాటుకి చోటు ఎక్కువ కాబట్టి ముందుకు పోయేకొద్దీ వెడల్పవుతుంది. గాలి, వాన గరాటు బయట కూడా ఉంటాయి. మ్యాప్ తప్పు లేదు, నేను మ్యాప్‌ని చూశానే గానీ దాని మూలనున్న చిన్న అక్షరాలు చదవలేదు. పిల్లల చేత మ్యాప్ చదివించేటప్పుడు ఊళ్ళ పేర్ల కన్నా ముందు ఆ మూల చదివించు: ఏ రంగు దేనికి, ఏ గీత దేనికి, స్కేలు ఎంత, ఏ రోజుది. ఇంకో మాట, ఆ మ్యాప్ ఎందుకు గీశారు అని కూడా అడుగు. దారి చూపించడానికి గీసిన మ్యాప్ వేరు, జాగ్రత్తపడమని గీసింది వేరు. నేను రెండో రకాన్ని మొదటి రకంలా చదివాను. నీ రెండు ప్రశ్నలూ కలిసేది ఇక్కడే. బొమ్మని కూడా ఎవరో ఏదో ఉద్దేశంతోనే పెడతారు, రాతని అడిగినట్టే దాన్నీ అడగాలి.

గ్రాఫ్‌కి వస్తే ఇంకా సరదాగా ఉంటుంది. 2011 జనాభా లెక్కల్లో మా గజపతి జిల్లా సుమారు 5.78 లక్షలు, మీ రాయగడ జిల్లా సుమారు 9.68 లక్షలు. మీరు మాకన్నా ఒకటిన్నర రెట్లకు కాస్త ఎక్కువ, అంతే. సగం మంది చేత సున్నా నుంచి మొదలుపెట్టి, లక్షకు ఒక సెంటీమీటరు చొప్పున రెండు నిలువు కడ్డీలు గీయించు. మిగతా సగం మంది చేత అవే అంకెలు, కానీ కింద గీత దగ్గర సున్నాకి బదులు 5 లక్షలు వేసి గీయించు. రెండో కాగితంలో మా కడ్డీ ముప్పావు సెంటీమీటరు దాటి కొంచెం, మీది దాదాపు 4.7. చూపుకి మీరు మాకు ఆరింతలు! అంకె ఒక్కటి కూడా అబద్ధం లేదు, కడ్డీ నిలబెట్టిన చోటే మార్చారు. ఇలాంటి గ్రాఫ్ వేసినాయన ఏం కోరుకుని ఉంటాడు అని అడుగు. పిల్లలు గోల చేస్తారు, చేయనీ. ఇక పేపర్లో గ్రాఫ్ కనపడితే ముందు కింద ఎడమ మూల చూస్తారు.

అలాగని ఒప్పించడానికి గీసిన గ్రాఫ్ అంతా మోసమని వాళ్ళకు ఎక్కించకు. ఫ్లోరెన్స్ నైటింగేల్ 1858లో రంగుల వృత్తచిత్రం ఒకటి అచ్చు వేయించింది, క్రిమియా యుద్ధంలో సైనికులు గాయాలకన్నా రోగాలతోనే ఎక్కువమంది పోయారని చూపిస్తూ. పట్టికల్లో ఉన్న అంకెలు పెద్దవాళ్ళు తిరగేయరు, రంగు ముక్కలైతే చూస్తారని ఆమె ఆలోచన. అదీ ఒప్పించడమే, అంకెలూ నిజమే.

ఫొటోల కింద రాసే వాక్యం గురించి ఒక్క ముక్క. మా చిన్నప్పుడు చందమామలో ఫొటో వ్యాఖ్యల పోటీ ఉండేది, రెండు ఫొటోలు ఇచ్చేవాళ్ళు, రెంటికీ జతగా కుదిరే మాటలు కార్డు మీద రాసి పంపాలి. నేను పంపినవి ఒక్కటీ రాలేదు, ఇప్పటికీ అలకే. ఆ పోటీ నీ వరండాలో పెట్టు. మీ వంతెన మీంచి వంశధార ఫొటో ఒకటి తీసి, ఒకడి చేత ‘ఇసుక తవ్వకం ఆపాలి’ అనే రాతకి సరిపడే వాక్యం, ఇంకొకడి చేత ‘మా ఊరు చూడ్డానికి రండి’ అనే రాతకి సరిపడే వాక్యం రాయించు. ఫొటో మారదు. కింద మాట మారితే చూసే కన్ను ఇసుక గుంట మీదికో, సూర్యాస్తమయం మీదికో పోతుంది.

పరీక్షలో ఎలా రాయాలంటే, పెద్దగా ఏం లేదు. ఏం చేయించాలని రాశాడో ఒక వాక్యం, అలా అని ఎందుకు అనుకుంటున్నావో పాఠంలోంచి ఒకటో రెండో మాటలు ఎత్తి చూపిస్తూ ఇంకో వాక్యం. బొమ్మకైతే, బొమ్మలోనే దొరికిన సంగతి ఒకటి పేరుపెట్టి చెప్పాలి. ‘బాగా అర్థమైంది’ అన్న మాట వాడినవాడికి అరటిపండు లేదు అని రూలు పెట్టు.

రెండు మీడియంల గొడవ నువ్వు భయపడినంత లేదు. మాట్లాడుకోవడం అంతా తెలుగులో కానీ, రాసేటప్పుడు ఎవరి మీడియంలో వాళ్ళు రాస్తారు. ఒడియా వాళ్ళకు ‘ఉద్దేశ్య’, ‘చిత్ర’ కొత్తగా నేర్పక్కర్లేదు, మన మాటల్లాగే ఉన్నాయి, మ్యాప్‌ని ‘మానచిత్ర’ అంటారని ముగ్గురు ఇంగ్లీష్ మీడియం వాళ్ళకి వాళ్ళనే చెప్పమను. ఇంగ్లీష్ వాళ్ళు ‘పర్పస్’ అంటే ఏంటో వీళ్ళకు చెప్తారు. వేరువేరుగా కూర్చోపెట్టడం మాత్రం మానెయ్యి, ఒక ఇంగ్లీష్ మీడియం పిల్ల పక్కన ఇద్దరు ఒడియా మీడియం వాళ్ళు చొప్పున కూర్చోనీ, ఒక జట్టులో ఒకరు తగ్గుతారు, ఫర్వాలేదు.

ఈ విడిగా కూర్చోవడం సంగతి నువ్వు ఉత్తరంలో ఎక్కడా రాయలేదు, గమనించావా? ఐదుగురు, ముగ్గురు అని మాత్రమే రాశావు. కింద గీసిన బొమ్మలో ఒక చాప మీద ఐదు సున్నాలు, మధ్యలో ఖాళీ, గోడ వైపు మూడు సున్నాలు ఉన్నాయి కాబట్టి తెలిసింది. బొమ్మ బాగానే ఉంది, ఏమీ అనుకోవడానికి లేదు. కాకపోతే బోర్డు ఏ వైపుందో గీయలేదు, దీపం ఎక్కడుందో కూడా. ఆ రెండూ పెట్టి ఇంకోసారి గీసి పంపు, ఎవర్ని ఎటు కూర్చోబెట్టాలో అప్పుడు చెప్తాను.